కేజ్ గడిలో కొట్టకూడదు

ఆండర్సన్‌పేట, కె.జి.ఎఫ్.
10 జూన్ 2024

ఒరే అమృతరాజూ,

వందనాలు గిందనాలు ఏమీ లేవు. వందనాలు రాయని ఉత్తరాన్ని అమ్మ పోస్టు చెయ్యనిచ్చేది కాదు. కానీ మొన్న శనివారం నువ్వు చేసిన పని చూసి ఉంటే అమ్మే వద్దనేది.

నీ నంబరు బ్లాక్ చేశాను. నీ కూతురు షెరిన్‌దీ చేశాను, అల్లుడు జెరాల్డ్‌దీ చేశాను. ఫోన్ అంగడి చంద్రు పక్కన కూర్చుని ఎలా చేయాలో నేర్చుకుని మరీ చేశాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని, ఒక మీట నొక్కడం నేర్చుకోలేనా! కాబట్టి ఇక నువ్వేం చెప్పుకోవాలన్నా పోస్టాఫీసుకి నడువు.

కరోనాలో చెరో ఊళ్ళో చిక్కుకుపోయినప్పుడు షెరిన్ ఈ లూడో ఆటని మన ఫోన్లలో ఎక్కించింది. నాలుగేళ్ళయింది. రోజూ మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకి ఆట. నావి ఎర్ర కాయలు, నీవి పసుపు కాయలు. నువ్వు ఆడే తీరు నాకు తెలియనిది కాదు. ఆరు పడినా కొత్త కాయ దించకుండా, ఉన్న కాయనే ముద్దు చేస్తూ కూర్చుంటావు. నా కాయ చేతికి చిక్కినా కొట్టడానికి పదిసార్లు ఆలోచిస్తావు. నేను నీ కాయ కొడితే మాత్రం వెంటనే గొంతు మెసేజ్ వస్తుంది: "అక్కా, నీకు టీచరు పని ఇచ్చినోడ్ని తన్నాల!" ముందు దగ్గు, తర్వాత తిట్టు. ఆ తిట్టు వినడానికే నేను కొడతాను. అది లేకపోతే ఈ ఆటలో ఏముంది? పాచిక కూడా మన చేత్తో వెయ్యం, అదే దొర్లుతుంది.

మూడు వారాలుగా నీకేదో పట్టింది. కనబడిన కాయనల్లా కొడుతున్నావు. ఆదివారాలు తప్పిస్తే ఒక్క మాట పంపవు, పళ్ళికిలించే బొమ్మ ఒకటి పంపిస్తావు. సరే, పోనీలే అనుకున్నాను. శనివారం నా ఆఖరి కాయ కేజ్ గడిలో నిలబడి ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే సొంత వరసలోకి ఎక్కేది. వెనకనుంచి వచ్చి కొట్టావు. కొట్టి, పళ్ళికిలించావు.

కేజ్ గడిలో ఉన్న కాయని కొట్టకూడదు. అది లూడో రూలు కాదు, ఫోనుకి తెలియదు, ఒప్పుకుంటాను. అది మన ఇంటి రూలు. యాభై అయిదేళ్ళలో మనిద్దరిలో ఎవరూ తప్పలేదు. ఎందుకు చేశావో రాయి.

షెరిన్ పంపిన మామిడికాయలు అందాయి. ఒకటే పులుపు.

ఎస్తరమ్మ

*

వేమగల్
15 జూన్ 2024

అక్కకి,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను, వందనాలు.

నీ ఉత్తరం చేరింది. పోస్ట్‌మ్యాన్ చేతిలో కవరు చూసి కోర్టు నోటీసేమో అని షెరిన్ భయపడింది. చదివినాక కోర్టు నోటీసే మేలనిపించింది నాకు.

ఫోన్లో ఆట అక్కా అది. కాయ చచ్చిందంటే మళ్ళీ ఆరు పడితే దిగుతాది. దానికి ముగ్గురి నంబర్లు బ్లాక్ చేస్తారా ఎవరన్నా? జెరాల్డ్ ఏం పాపం చేసినాడు? వానికి లూడో అంటేనే బేజారు. నిన్నంతా "అత్తమ్మకి నామీద ఎందుకంకుల్ కోపం?" అని నన్ను తినేసినాడు.

నువ్వు రోజూ నా కాయల్ని కోళ్ళని తరిమినట్టు తరిమి కొడతావే, ఒక్క రోజన్నా నేను పోస్టాఫీసుకి పోయినానా?

కేజ్ గడి సంగతి మరిచిపోయినాను. అంతే. అరవై ఏడేండ్లొచ్చినాయి, మరుపు రాదా? మొన్న ఈస్టరుకి వచ్చి నీ పండ్లసెట్టు మా ఇంట్లో మరిచిపోయి బంగారపేట దాకా పోలేదా నువ్వు? నేనేమన్నా బ్లాక్ చేసినానా?

మామిడికాయలు ఊరగాయకి పంపినవి. తినేదానికి కాదు.

బ్లాక్ తీసెయ్. ఒళ్ళు బాగుండాదా?

తమ్ముడు
అమృతరాజు

*

ఆండర్సన్‌పేట
20 జూన్ 2024

అమృతరాజుకి,

కొట్టావు, అది ఒక తప్పు. మరిచిపోయానని రాశావు చూడు, అది నేను చదవలేకపోయాను. ఉత్తరం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేశాను. మళ్ళీ తీసి చదివాను. మరిచిపోయానని అలాగే ఉంది.

మరిచిపోయావు కాబట్టి మళ్ళీ పాఠం చెప్తాను, విను. నాకు పద్నాలుగేళ్ళు, నీకు పదకొండు. గనిలో నాయన మొదటి షిఫ్టు. దిగేటప్పుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగేవాడు. నాలుగు వందల పన్నెండు. మధ్యాహ్నం రెండింటికి సైరన్ కూసేది. మనుషులు ఇనుప బోనులాంటి లిఫ్టు, ఆ కేజ్ ఎక్కి పైకి వచ్చి, ఎవరి బిళ్ళ వాళ్ళు బోర్డు మీద కొక్కేనికి తగిలించి గేటు దాటేవాళ్ళు. మనిద్దరం గేటు బయట నిలబడేవాళ్ళం. నాయన టిఫిన్ డబ్బాలో మిగిల్చి తెచ్చే సగం బన్ను కోసం నువ్వు, నాయన కోసం నేను.

ఆ రోజు ఒంటిగంటన్నరకి కింద బండ పగిలింది. పని ముగించి కేజ్ కోసం నిలబడి ఉన్నాడట నాయన. కేజ్ లాగే గంట ఇంకొక్కసారి మోగి ఉంటే పైకి వచ్చేసేవాడు.

ఒక సంవత్సరం అమ్మ మనల్ని ఏ ఆటా ఆడనివ్వలేదు. తర్వాత ఒక రోజు తనే నేలమీద సుద్దతో గడులు గీసి, చింతగింజలు పెట్టి పిలిచింది. ఇంటికి ఎక్కే ముందు గడి మీద వేలు పెట్టి చూపించి, "ఇది కేజ్. కేజ్ కాడికి వచ్చినోడ్ని కొట్టొద్దండప్పా. వాడు ఇంటికి పోవాల" అంది. ఆఖరి కాయకి నాయన కాయ అని పేరు పెట్టింది ఎవరో తెలుసా? నువ్వు.

అది మరిచిపోయావా?

నీకు విసుగు అనిపించవచ్చు, నాకు మాత్రం ఇది ఆట ఒక్కటే కాదు. తర్వాత నువ్వూ గనిలో చేరావు. ఇరవై అయిదేళ్ళు బడిలో పాఠం చెప్తూ రెండింటి సైరన్ కోసం చెవి ఒగ్గి ఉండేదాన్ని. ఇప్పుడు సైరన్ లేదు. రెండింటికి ఫోన్లో నీ దగ్గు వినబడితే, సరే, వీడు పైకి వచ్చాడు అనుకుని చెయ్యి కడుక్కుని అన్నానికి కూర్చుంటాను. నెల రోజులుగా, ఆదివారాలు తప్ప, ఆ దగ్గు లేదు.

ఇంకొకటి. మే నెలాఖరులో నీనుంచి మాటల్లేని మెసేజ్ ఒకటి వచ్చింది. అందులో ఆవు అరిచింది. మీ ఇంట్లోకి ఆవు ఎప్పుడొచ్చింది?

ఎస్తరమ్మ

*

వేమగల్
26 జూన్ 2024

అక్కకి వందనాలు,

పాఠం చదివినాను. షెరిన్ చూడకుండా చదివినాను.

మరిచిపోయినానని రాసింది తప్పు. నాయనని మరిచేవాణ్ణా నేను? వేలు జారింది. నా వేళ్ళు నీకు తెలుసు కదా, పార పట్టిన వేళ్ళు. ఒక కాయ నొక్కబోతే ఇంకొకటి పోతాది. ఆవు టీవీలోది.

నాకొక ఆలోచన వచ్చింది. రెండింటికి బదులు మూడింటికి ఆడదామా? భోంచేసి, కాస్త నడుము వాల్చి, నిదానంగా ఆడొచ్చు. రెండింటికి ఎండ కూడా జాస్తి.

ఫోన్లో ఆటలంటే ఎవరి పిచ్చి వాళ్ళదిలే అక్కా. జెరాల్డ్‌కి తుపాకీ ఆట. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కన్నడంలో "హొడి, హొడి", కొట్టు కొట్టు అని అరుస్తాడు, పక్కింటోళ్ళు నిజంగానే గలాటా అనుకొని ఒకసారి వచ్చినారు. అందులో ఏముందప్పా అంటే, చచ్చినా మళ్ళీ లేస్తాం అంకుల్, అదే మజా అంటాడు. మాకు పాలు పోసే సొన్నమ్మ ఉండాది కదా, పక్కిల్లు, రెండావులు, ఆయమ్మకి బస్సు నడిపే ఆట. సైకిలు తొక్కడం రాని మనిషి, ఫోన్లో బస్సు నడిపిస్తాది. ప్రతి స్టాపులోనూ ఆపుతాది, ఎక్కేవాళ్ళు లేకపోయినా. ఎందుకమ్మా ఆపుతావంటే, "మన ఊర్లో ఆపకుండా పోయే బస్సుల్ని ఎన్ని తిట్లు తిట్టినానన్నా! నేనూ అట్లే పోతే ఎట్ల?" అంటాది. నవ్వలేక సచ్చినాను.

మూడు గంటల సంగతి ఆలోచించు.

తమ్ముడు
అమృతరాజు

*

ఆండర్సన్‌పేట
2 జూలై 2024

అమృతరాజుకి,

మూడింటికి ఆడను. నాలుగింటికీ ఆడను. రెండు అంటే రెండు.

నీ ఉత్తరం చూశాక బ్లాక్ రెండు రోజులు తీశాను. నీమీద ప్రేమతో కాదు, పరీక్ష పెట్టడానికి. నువ్వు మర్యాదగా రెండు రోజులూ ఆడావు. ఇదిగో, పేపరు దిద్దాను.

శనివారం. కావాలనే నా కాయని కేజ్ గడిలో నిలబెట్టాను. వెనక నీ కాయ మూడడుగుల దూరంలో ఉంది. మూడు పడింది. కొట్టావు. వేలు జారిందా? "ఈ గడి పేరేంటి?" అని రాసి పంపాను. బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది. దాని వెనకాలే పళ్ళికిలించే బొమ్మ.

ఆదివారం. మళ్ళీ కేజ్ గడిలో నిలబెట్టాను. నీకు నాలుగు పడింది, సరిగ్గా నాలుగే కావాలి. వెనక్కి వెళ్ళి ఎందుకూ పనికిరాని ఇంకో కాయని జరిపావు. తర్వాత దగ్గావు. "అక్కా, నీ కాయకి కాళ్ళు పడిపోయినాయా, కదలదే?" అన్నావు. ఆ గొంతు విని నేను చెయ్యి కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.

కాబట్టి ఆదివారం మనిషి మా తమ్ముడు. శనివారం మనిషి ఎవరో వేరే. ఆ మనిషి ఇంట్లో ఆవులున్నాయి. సొన్నమ్మకి రెండు ఆవులున్నాయని నువ్వే నీ చేత్తో రాశావు, అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు నీకు. చిన్నప్పుడూ ఇంతే, బెల్లం తిని మూతి తుడుచుకోకుండా అమ్మ ముందుకొచ్చేవాడివి.

నాతో ఆడడం విసుగైతే విసుగని చెప్పు. నా రెండింటి ఆటని పాలచెంబులా పక్కింటికి పంపిస్తావా? విసుగు కాదంటే ఇంకా భయం. వారమంతా రెండింటికి ఎక్కడికి పోతున్నావు? ఆస్పత్రికా? దగ్గు ఎక్కువైందా? నీతో గనిలో దిగినవాళ్ళు ఊపిరితిత్తులు చెడి ఒక్కొక్కరే పోవడం ఈ కళ్ళతో చూస్తున్నాను. నిజం రాయి. షెరిన్ మీద ఒట్టు.

అక్క

*

వేమగల్
7 జూలై 2024, ఆదివారం

అక్కకి,

ఆస్పత్రి లేదు. దగ్గు పాతదే, పెరగలేదు. షెరిన్ మీద ఒట్టు పెట్టినావు కాబట్టి ఇంగ దాచను.

మే ఇరవయ్యో తేదీ నుంచి పనికి పోతా ఉండాను. ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియాలో కార్ల లైట్లకి అద్దాలు చేసే కంపెనీ ఒకటుండాది. గేటు దగ్గర పని. లోపలికి ఫోన్లు తీసుకుపోకూడదు. వచ్చినోళ్ళ ఫోన్లు తీసుకొని గూట్లో పెట్టి, గూటి నంబరున్న బిళ్ళ వాళ్ళ చేతికియ్యాల. పోయేటప్పుడు బిళ్ళ తీసుకొని బోర్డుకి తగిలించి, ఫోను ఇచ్చెయ్యాల. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి వరకు. రెండింటికి సైరన్.

నా ఫోను కూడా గూట్లో పెట్టాల్సిందే. సరిగ్గా నీ ఆట టైముకి నేను గేటులో ఉంటాను. ఆట తప్పితే నువ్వు ఊరుకోవు, టైము మార్చమంటే ఎందుకంటావు, ఎందుకో చెప్తే ప్రమాణం సంగతి తీస్తావు. అందుకని ఫోను సొన్నమ్మకిచ్చి పోయినాను. "మా అక్కకి రెండింటికి ఆట పడకపోతే ప్రాణం నిలవదు, నువ్వాడు. గొంతు పంపొద్దు, బొమ్మలు పంపు" అని చెప్పినాను. అన్నీ చెప్పినాను, కేజ్ గడి సంగతి చెప్పలేదు. అది చెప్పాలని తోచలేదక్కా. మన ఇంట్లో పుట్టినోళ్ళకి అది చెప్పేదేముంది? ఊపిరి తీసినట్టు ఉండే దాన్ని బయటోళ్ళకి నేర్పాలని ఎవరికి తోస్తాది?

ఎందుకు చేరినావంటావు. తిండికి కాదు. షెరిన్ వద్దని ఏడ్చింది. మోహన్‌కుమార్ సార్ అని సూపర్‌వైజరు, జెరాల్డ్‌కి తెలిసినాయన, గేటుకి నమ్మకమైన మనిషి కావాలన్నాడు. నేనే పోయి అడిగినాను. గని మూసినప్పటి నుంచి మధ్యాహ్నం రెండయితే చాలు, నా ఒళ్ళు దానంతట అది లేచి నిలబడతాది. యాడికీ పోయేదానికి లేదు. మళ్ళీ కూచుంటాను. ఇరవై మూడేండ్లు ఇట్లే.

తప్పు నాదే. సొన్నమ్మని ఏమీ అనొద్దు. ఆయమ్మ పక్కనే నిలబడి ఏదో రాయమంటాది, రాస్తాను:

"టీచరమ్మా, నేను సొన్నమ్మని. మీ నాయన కాయ అని నాకు తెలీదమ్మా, దేవుని సాక్షి. కాయ చిక్కింది, కొట్టినాను. తెలిసింటే చెయ్యి విరిగినా కొట్టను. మీరు బలే ఆడతారు. నాతో పంతం పట్టి ఆడేవాళ్ళు ఈ ఊర్లో ఎవురూ లేరు. కోపం పెట్టుకోవద్దు. మీకు అర లీటరు గిన్ను పాలు పంపిస్తాను, యాడికి పంపాల?"

తమ్ముడు
అమృతరాజు

*

ఆండర్సన్‌పేట
11 జూలై 2024

అమృతరాజుకి,

వేమగల్ నుంచి ఇక్కడికి ఆ జున్ను పాలు వచ్చేసరికి పెరుగైపోతాయని సొన్నమ్మకి చెప్పు. ఆమెమీద నాకు కోపం లేదు. ఆమె కాయ చూసింది, కొట్టింది. ఆట తెలిసిన మనిషి.

కోపమంతా నీమీదే. గని మూసిన రోజు అమ్మ బైబిల్ మీద నీ చేత చెయ్యి వేయించాను. "సైరన్‌కి పోయి సైరన్‌కి వచ్చే పని ఇంక చెయ్యనక్కా" అన్నావు. నేను ఆ రోజు ఎంత తేలికపడ్డానో నీకు తెలుసా? ఊరు ఊరంతా పని పోయిందని ఏడుస్తుంటే నేను ఇంట్లో తలుపేసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, సిగ్గు.

ఇప్పుడు మళ్ళీ ఒక గేటు, మళ్ళీ ఒక సైరన్, మళ్ళీ ఒక బిళ్ళ. అదే రెండు గంటలు. ఇంకేమీ దొరకలేదా నీకు ఈ లోకంలో? చర్చిలో గంట కొట్టు. సొన్నమ్మ ఆవులకి నీళ్ళు పెట్టు. లేదా నువ్వూ బస్సు నడుపు ఫోన్లో!

నీ ఆట లేక కంప్యూటరుతో ఆడి చూశాను. గోడతో పోట్లాడినట్టుంది. దాని కాయ కొడితే దానికి కోపం రాదు. కోపం రానివాడిని ఓడించి ఏం సుఖం? మూడు ఆటలు గెలిచి ఫోను విసిరేశాను.

సోమవారం లోపల ఆ పని మానెయ్. మానకపోతే బ్లాక్ తియ్యను, ఉత్తరాలు కూడా వెనక్కి పంపేస్తాను.

ఎస్తరమ్మ

*

వేమగల్
16 జూలై 2024

అక్కకి,

సోమవారం దాటింది. మానలేదు. ఈ ఉత్తరం వెనక్కి పంపే ముందు చదువు.

ప్రమాణం తప్పినాను. నిజం. దేవునికి నేను చెప్పుకుంటాను. కానీ గేటు సంగతి నీకు సగమే తెలుసు. నువ్వు ఎప్పుడూ గేటు బయట నిలబడినావు. నేను లోపల నిలబడినాను.

నేను పనిలో చేరిన మొదటి రోజు బిళ్ళల బోర్డు చూసినాను. 412 కొక్కెం ఖాళీ. నాయన పోయినాక ఆ నంబరు ఎవరికీ ఇయ్యలేదు. ఇరవై అయిదేండ్లు రోజూ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఆ ఖాళీ కొక్కెం చూసినాను. నా బిళ్ళ తగిలించి ఇంటికి వచ్చినా, ఇంకొకరు కింద ఉండిపోయినట్టే ఉండేది. ఒక్క రోజు కూడా బోర్డు నిండింది చూడలేదు నేను.

ఇప్పుడు బోర్డు నాది. మొదటి షిఫ్టుకి ఎనభై ఆరు మంది, జాస్తి ఆడపిల్లలే. రెండింటికి ఒక్కొక్క బిళ్ళే తగిలించి, ఎనభై ఆరూ నిండినాక ఒకసారి నిలబడి చూస్తాను. అప్పుడు ఆకలేస్తాది. ఇన్నేండ్లకి అన్నం అరుగుతా ఉండాది అక్కా.

నీకు లూడోలో కొట్టడం ఇష్టం. నాకేమిష్టమో నువ్వెప్పుడూ అడగలేదు. నాకు కాయలన్నీ ఇల్లు చేరడం ఇష్టం. నువ్వు గెలవంగానే ఫోన్లో ఆట మూసుకుపోతాది, నా కాయలు దోవలోనే నిలిచిపోతాయి. అందుకే రోజూ "ఇంకొకటి, ఇంకొకటి" అని సతాయించేది. గెలిచేదానికి కాదు.

ఇంగ నీ ఇష్టం. బ్లాక్ తీసినా, తియ్యకపోయినా.

తమ్ముడు
అమృతరాజు

*

ఆండర్సన్‌పేట
24 జూలై 2024

ఒరే తమ్ముడూ,

నిన్న నేను వేమగల్ వచ్చాను. ఉలిక్కిపడకు, వచ్చి వెళ్ళిపోయాను కూడా. బంగారపేటలో ఒక బస్సు మారి, కోలార్‌లో ఇంకో బస్సు మారి, రోడ్డు గుంతలకి నడుము రెండు ముక్కలైంది. నీ మూలంగానే. ఇవాళంతా మంచం మీదనుంచి లేవలేదు, పడుకునే రాస్తున్నాను.

మీ కంపెనీ ఎదురుగా టీ అంగడి ఉంది కదా, అక్కడ గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. నిన్ను చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోదామనే వచ్చాను. రెండయింది. సైరన్ కూసింది. డెబ్భై ఏళ్ళ ముసలిదాన్ని, గొడుగు చాటునుంచి గేటు వైపే చూశాను. పద్నాలుగేళ్ళప్పుడు చూసినట్టే.

మనుషులు వచ్చారు. నువ్వు బిళ్ళలు తగిలిస్తున్నావు. అందరూ వెళ్ళాక ఒకసారి లెక్కపెట్టావు, మళ్ళీ లెక్కపెట్టావు. ఆ సూపర్‌వైజరు గేటు వెయ్యమన్నాడు. నువ్వు గేటు రెండు చేతుల్తో పట్టుకుని, "ముప్పై ఒకటి రాలేదు సార్! ఒకరు లోపలుండారు. వచ్చిందాకా వెయ్యను" అని అరిచావు. రోడ్డు ఇవతలికి వినబడింది. టీ అంగడి ఆయన "ఆ తాత రోజూ ఇంతేనమ్మా" అని నవ్వాడు. అయిదు నిమిషాలకి ఒక పిల్ల తడి టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చింది. "ఏమ్మా మునిలక్ష్మీ, ఇంతసేపు గిన్నె కడుగుతారా? గేటు దాటిందాకా గుండె చేతిలో పెట్టుకొని ఉండాల నేను!" అని కసిరావు. అచ్చం నన్ను తిట్టినట్టే. ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నువ్వు బిళ్ళ తగిలించి, బోర్డు ముందు నిలబడ్డావు.

నేను దగ్గరికి రాలేదు. వస్తే ఏడ్చేదాన్ని, అది చూసి నువ్వు గెలిచాననుకునేవాడివి.

ఆ రోజు గేటులో నీలాంటి వాడు ఒకడుంటే నాయన వచ్చేవాడా? రాడు. బండ పగిలితే గేటులో ఉన్నవాడు ఏం చేస్తాడు. కానీ మన పక్కన నిలబడి, ఇంకొకరు రావాలి, గేటు వెయ్యను అని ఒకడైనా అని ఉంటే బాగుండేదిరా. మనల్ని ఇంటికి పొమ్మన్నారు. నీకు గుర్తుందో లేదో.

ఈ కవరులో గుడ్డలో చుట్టి ఒకటి పెట్టాను. నాయన బిళ్ళ. ఆ రోజు ఆయన జేబులో దొరికితే ఆఫీసులో తిరిగి ఇచ్చెయ్యాలన్నారు, అమ్మ ఇవ్వలేదు. పోయేముందు నాకిచ్చింది. నీకు చూపిస్తే గనిలో దిగేటప్పుడు భయపడతావని చెప్పలేదు, తర్వాత ఎందుకో చెప్పలేకపోయాను. నువ్వొక్కడివే దాచావనుకోకు. చింతపండుతో తోమాను, నంబరు బాగా కనబడుతోంది. అందరివీ తగిలించాక ఆఖరున దీన్ని తగిలించు. తగిలించి నాకు చెప్పు. పోగొట్టావంటే మాత్రం ఈసారి ఫోను కాదు, నిన్నే బ్లాక్ చేస్తాను.

ముగ్గురి నంబర్లూ తీసేశాను. జెరాల్డ్‌కి నేను క్షమాపణ చెప్పానని చెప్పు. ఇకమీదట ఆట రెండున్నరకి. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకోను, ముందు దగ్గు పంపించు. సొన్నమ్మని పొద్దున పదకొండుకి తన ఫోన్లోనే రమ్మను. ఆమెతో నాకు వేరే పంతం ఉంది.

ప్రభువు నిన్ను కాపాడుగాక. మొండి వెధవా.

అక్క

*

వేమగల్
30 జూలై 2024

అక్కకి వందనాలు,

రిజిస్టర్ పోస్టు నిన్న చేరింది. ఆ గుడ్డ అమ్మ చీరది, చూడంగానే తెలిసింది. బోర్డు పైన ఒక మేకు కొట్టినాను. ఇదేంది తాతా అని మోహన్‌కుమార్ సార్ అడిగినాడు. మా ఇంటి బిళ్ళ సార్ అన్నాను.

రెండున్నరకి ఆట. ఎర్ర కాయలు నువ్వే తీసుకో. ఈ కార్డు గేటులో నిలబడే రాస్తా ఉండాను, అక్షరాలు వంకరయితే తిట్టొద్దు. చెప్పమన్నావు కదా, చెప్తాను.

ఈ రోజు మొదటి షిఫ్టు. లోపలికి పోయినోళ్ళు ఎనభై ఆరు. బయటికి వచ్చినోళ్ళు ఎనభై ఏడు.

తమ్ముడు